‘పడవ ఎక్కడ పెడతావ్?’

తార్నాక నుంచి ఒక చెల్లెలు రాసిన ఉత్తరం ఇది. నోటుబుక్కు కాగితాల మీద ఐదు పేజీలు, చివరి పేజీ అంతా పెన్సిలు లెక్కలు. పేరు వేయొద్దన్నారు. వయసు 42. ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరు. భర్త ఆర్టీసీ వర్క్‌షాపులో బస్సు బాడీల మెకానిక్. పదమూడేళ్ల కూతురు, అత్తగారు, మూడో అంతస్తులో రెండు గదుల ఫ్లాటు.

పుట్టిల్లు కోనసీమ. తాతగారికి కాలవ మీద కొబ్బరికాయలు మోసే పడవ ఉండేదట. “గాలి లేనప్పుడు మనుషులు గట్టు మీద నడుస్తూ తాడుతో లాగేవాళ్లు. గాలి దొరగ్గానే తాతయ్య తెరచాప ఎత్తేవాడు. లాగేవాళ్లు పరుగున వచ్చి పడవెక్కేవాళ్లు. ఆ తర్వాత నీళ్ల చప్పుడు తప్ప ఇంకేమీ వినపడేది కాదు” అని రాశారు.

రెండేళ్ల కిందట కూతుర్ని వేసవి శిక్షణ కోసం హుస్సేన్ సాగర్‌లోని ఒక సెయిలింగ్ క్లబ్బులో చేర్పించారు. పిల్ల నీళ్లలో ఉంటే తల్లి గట్టున కూర్చునేది. నాలుగో రోజు కోచ్ “మీరూ ఎక్కండి మేడమ్” అన్నాడు. ఎక్కారు. అప్పటి నుంచి దాదాపు ప్రతి ఆదివారం పొద్దున్నే వెళ్తున్నారు. పెద్దవాళ్ల కోసం క్లబ్బులో ఉన్నవి మూడే పడవలు. పోటీలకు తయారయ్యే పిల్లలకు ముందు ఇస్తారు కాబట్టి ఈవిడ చాలా ఆదివారాలు గట్టునే ఉండిపోతున్నారు. అందుకే సొంత పడవ కావాలనుకున్నారు.

డబ్బు సంగతి. రెండు లక్షల చీటీ, ఇరవై నెలలు. తొమ్మిదో నెలలో పాడుకుంటే 1,64,000 చేతికొచ్చింది. పాప ఫీజులకు 44,000 పోగా 1,20,000 మిగిలింది. కంటికి మూడు పాత పడవలు ఆనాయి. ముంబైలో ఒక లేజర్ (తెరచాపతో నడిచే చిన్న ఫైబర్ పడవల్లో ఒక రకం), ధర 95,000. “వచ్చే ఆదివారం లోపు 20,000 టోకెన్ వేయకపోతే వేరేవాళ్లకు ఇచ్చేస్తా” అంటున్నాడు అమ్మే ఆయన. రెండోది సికింద్రాబాద్‌లో ఒక షెడ్డు వెనక నాలుగు వానాకాలాలుగా టార్పాలిన్ కింద పడి ఉన్న చెక్క పడవ, ఎంటర్‌ప్రైజ్ రకం, 35,000. మూడోది పడవలో సగం వాటా. తనతోపాటు నేర్చుకున్న ఒకావిడకు క్లబ్బులోనే లేజర్ ఉంది, అందులో సగానికి 55,000 అడుగుతున్నారు.

అత్తగారు బంగారం కొనమంటున్నారు. భర్త పెద్దగా ఏమీ అనలేదు. భోజనం చేస్తూ తలెత్తకుండా “పడవ ఎక్కడ పెడతావ్?” అని మాత్రం అడిగారట. ఆ మాటకు ఆవిడ మనసు బాగా నొచ్చుకుంది. “నా కోసం ఒక్కటంటే ఒక్కటి అడిగాను అక్కా. నాది అత్యాశా? అత్యాశ కాకపోతే ఈ మూడింట్లో ఏది కొనాలి, ఏం చూసి కొనాలి?” అని ముగించారు.

చెల్లెమ్మా,

అత్యాశ కాదు. ఇరవై ఏళ్లుగా జీతం ఇంటికి తెచ్చిపెడుతున్న మనిషి వారానికి రెండు గంటలు గాలి కోసం అడగడం అత్యాశ ఎలా అవుతుంది? ఆ ప్రశ్న ఇక మళ్లీ వేసుకోకండి. మిగతా రెంటికీ సమయం పెడదాం.

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. అందులో ఒకటి కాదు, రెండు కోరికలు ఉన్నాయి. ఒకచోట “ఆ రెండు గంటలూ నేను ఎవరి అమ్మనీ కాను, ఎవరి కోడలినీ కాను” అన్నారు. పేజీ తిప్పగానే “పాపా నేనూ ఒకే పడవలో వెళ్తే ఎలా ఉంటుందో అని కల కంటాను” అన్నారు. రెండూ నిజమే, రెండూ అందమైనవే. కానీ ఆ రెంటికీ ఒకే పడవ సరిపోదు. లేజర్ ఒక్కరి పడవ. ఇద్దరు ఎక్కి కాసేపు తిరగొచ్చు గానీ, గాలి లేస్తే ఆ చిన్న కాక్‌పిట్‌లో, అంటే కాళ్లు పెట్టుకునే గుంటలో, ఒకరి మోకాళ్లు ఒకరికి అడ్డం. లేజర్ కొంటే ఒకరు నీళ్లలో, ఒకరు గట్టున. ఎంటర్‌ప్రైజ్ ఇద్దరి పడవ. 1956లో జాక్ హోల్ట్ గీసిన నమూనా, పొడవు నాలుగు మీటర్ల పైచిలుకు, ఎప్పుడు చూసినా నీలం తెరచాపలే. ఒకరు చుక్కాని, పెద్ద తెరచాప పట్టుకుంటే రెండోవాళ్లు ముందున్న చిన్న తెరచాప చూసుకోవాలి. తోడు లేకుండా దాన్ని మన సాగర్ గాలిలో తిప్పడం మీ బరువుకి కష్టం. పాపకు పరీక్షలున్న ఆదివారం మీరూ ఆగిపోవాల్సిందే. అందుకే ధరలన్నీ పక్కన పెట్టి, ముందు ఆ రెండు కోరికల్లో ఈ మూడేళ్లకు ఏది ముఖ్యమో మీరొక్కరే కూర్చుని తేల్చుకోండి. మూడేళ్లని ఎందుకంటున్నానంటే, పాపకు ఇప్పుడు పదమూడు. పిల్లల చిన్న పడవ ఆప్టిమిస్ట్‌లో పోటీలకు పదిహేనేళ్ల దాకానే వీలుంటుంది. ఆ తర్వాత తనకీ పెద్ద పడవ కావాలి. అప్పుడు తను మీతో కలిసి ఎక్కుతానంటుందో, “నాది నాకు కావాలి” అంటుందో చెప్పలేం. ఆ వయసు పిల్లలు రెండోదే అంటారని నా అనుభవం.

ఇక మీవారి మాట. మీకు అది పుల్లవిరుపుగా వినపడింది. నాకలా వినపడలేదు. ముప్ఫై ఏళ్లుగా ఈ నీళ్ల చుట్టూ తిరుగుతున్నాను. పాత పడవ కొనేవాళ్లు మొట్టమొదట అడగాల్సిన ప్రశ్నను ఆయన ఒక్క ముక్కలో అడిగేశారు. లేజర్ పొడవు 4.23 మీటర్లు, వెడల్పు 1.4 మీటర్ల దగ్గర. మీ అపార్టుమెంటులో కారు నిలిపే చోటంతా అదే ఆక్రమిస్తుంది. పోనీ అక్కడే పెట్టారనుకుందాం. ప్రతి ఆదివారం తార్నాక నుంచి దాన్ని దేని మీద తీసుకొస్తారు? తెచ్చినా ట్యాంక్‌బండ్ మీద ఎక్కడపడితే అక్కడ నీళ్లలోకి దించనివ్వరు. సంజీవయ్య పార్కు వైపు క్లబ్బులున్న రేవుల నుంచే దించాలి. అంటే క్లబ్బు షెడ్డులో చోటు దొరకాలి, దానికి సభ్యత్వం ఉండాలి, నెల నెలా అద్దె కట్టాలి. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదన్నట్టు, 35,000 పడవకైనా 95,000 పడవకైనా షెడ్డు అద్దె ఒక్కటే. మీ క్లబ్బు సెక్రటరీ దగ్గరకెళ్లి మూడు విషయాలు కాగితం మీద రాయించుకోండి. సొంత పడవకు చోటుందా, ఏడాదికి ఎంత, వానాకాలం పోటీలప్పుడు బయటి పడవలు వస్తే మీ పడవ ఎక్కడికి జరపాలి. మీ చివరి పేజీ లెక్కల్లో ఈ అంకె ఎక్కడా కనపడలేదు. అన్నింటికంటే పైన ఉండాల్సింది అదే.

చీటీ డబ్బు గురించి కూడా ఒక మాట చెప్పనివ్వండి. లెక్కల టీచరుకు లెక్క చెప్తున్నందుకు ఏమనుకోకండి, మనసు పడ్డప్పుడు లెక్క ఎవరికైనా మసకబారుతుంది. నెలకు సగటున తొమ్మిది వేల చొప్పున తొమ్మిది వాయిదాలు కట్టానన్నారు. అంటే మీరు దాచుకున్నది 81,000. చేతికొచ్చిన 1,64,000లో మిగతా 83,000 అప్పు. దాని బదులు ఇంకా పదకొండు నెలలు, అదే సగటున 99,000 కట్టాలి. ఫీజులకు పోయిన 44,000 అప్పు భాగంలోదే అనుకున్నా, మిగిలిన 1,20,000లో మీ సొంతం 81,000 మాత్రమే. అందుకని నేనైతే గీత 80 వేల దగ్గర గీస్తాను. పడవ ధర ఒక్కటే కాదు, రవాణా, రిపేరు, లైఫ్ జాకెట్, మొదటి ఏడాది షెడ్డు అద్దె అన్నీ ఆ గీత లోపలే. మిగతా నలభైని వాయిదాల కోసం విడిగా ఉంచేస్తే ఏ నెలా మీ ఇంట్లో పడవ పేరు చెప్పి మాట రాదు. లక్షా ఇరవై మొత్తం పెట్టినా తప్పేమీ లేదు, మీ జీతం నుంచి వాయిదా కట్టగలరు. కాకపోతే వచ్చే మే దాకా ఇంట్లో జ్వరం వచ్చినా, ఫ్రిజ్ పాడైనా, అందరి చూపూ ఆ పడవ మీదికే వెళ్తుంది. ఎంచుకోవాల్సింది మీరు.

ముంబై లేజర్ దగ్గరకు వద్దాం. ఫొటోల్లో మంచిగానే ఉంది. కానీ ఆయన చెప్పని సంగతి ఒకటి, మీరు అడగని సంగతి ఒకటి ఉన్నాయి. లేజర్‌కు హల్, అంటే పడవ ఒళ్లు, ఒకటే. దాని మీద మూడు సైజుల తెరచాపలు ఎక్కుతాయి. పెద్దది 7.06 చదరపు మీటర్లు, రేడియల్ 5.76, అన్నిటికంటే చిన్నది 4.7. తెరచాపను నిలబెట్టే స్తంభమే మాస్ట్, అది రెండు ముక్కలు. సైజు మారితే కింది ముక్క, అంటే కింది మాస్ట్, కూడా మారుతుంది. 2019 నుంచి వీటినే ఐఎల్‌సీఏ 7, 6, 4 అంటున్నారు. మీరు పంపిన ఫొటోలో ఉన్నది పెద్ద తెరచాప. అది ఎనభై కిలోల మనిషికి సరిపోయే సరుకు. మీ బరువు 56 అని రాశారు. చలికాలపు మందగాలిలో పరవాలేదు. జూన్ దాటి నైరుతి గాలి నెక్లెస్ రోడ్డు వైపు నుంచి కొట్టడం మొదలుపెడితే దాన్ని మీరు పట్టలేరు. మీరు నేర్చుకున్నది రేడియల్ మీద. అంటే 95,000 పెట్టి కొన్నాక రేడియల్ తెరచాప, రేడియల్ కింది మాస్ట్ వేరే కొనుక్కోవాలి. పోటీలకు కాదు కాబట్టి లేజర్ సంఘం ముద్ర లేని తెరచాపతో సరిపెట్టుకోవచ్చు, అది చవక. అయినా ఖర్చు ఖర్చే. ఆపైన ఏడొందల కిలోమీటర్ల లారీ. ఏ లెక్కన చూసినా మనం గీసిన గీత దాటిపోతుంది.

అది ఉప్పునీటి పడవ కూడా. సముద్రంలో తిరిగిన మాస్ట్‌లో అల్యూమినియం గొట్టానికి స్టీలు రివెట్టు తగిలే చోట తెల్లటి పొడి కడుతుంది. గోటితో గీకితే రాలుతుంది. రాలిన చోట గొట్టం పలచబడి, ఎప్పుడో గట్టి గాలికి అక్కడే విరుగుతుంది. ఇది ఫొటోలో కనపడదు. ఆయన మోసగాడని నేననను, నిజాయితీపరుడే కావచ్చు. కానీ పడవ చూడకుండా టోకెన్ అడిగేవాళ్లు, గడువు పెట్టి తొందరపెట్టేవాళ్లు, “మీకు డబ్బు వాపసు రావాలంటే ఈ క్యూఆర్ స్కాన్ చేయండి” అనేవాళ్లు పాత సామాన్ల బేరాల్లో ఎందరో తగులుతున్నారు. నిజంగా అమ్మేవాడైతే వీడియో కాల్‌లో డెక్, అంటే పడవ పైభాగం, నొక్కి చూపించడానికి, పడవ వెనక ఉన్న నంబరు చదివి వినిపించడానికి, ముంబైలో మీ క్లబ్బువాళ్లకు తెలిసిన సెయిలర్ ఒకరు వచ్చి చూడటానికి అడ్డు చెప్పడు. పాత పడవకు బండిలా ఆర్‌సీ ఉంటుందనుకోకండి. హల్ నంబరు వేసి రాసిన అమ్మకం కాగితమే మీకు ఆధారం.

చూడటం ఎలాగో చెప్తాను, మూడింటికీ పనికొస్తుంది. నా మొదటి పడవ కూడా పాతదే. తెల్లగా కొత్త రంగు వేసి ఉంది. ఆ రంగు చూసి మురిసిపోయి మారు మాట్లాడకుండా డబ్బిచ్చేశాను. మూడో ఆదివారం, ఆషాఢం గాలి, బుద్ధుడి విగ్రహం దాటి మలుపు తీసుకుంటున్నాను. కాళ్ల ముందు కర్రున చప్పుడైంది. మాస్ట్ నిదానంగా, మనిషి నిద్రలోకి ఒరిగినట్టు, పక్కకు ఒరిగిపోయింది. మాస్ట్ దిగే గొయ్యి చుట్టూ డెక్ చీలి, లోపలి ఫోమ్ తడిసిన రొట్టెలా బయటికొచ్చింది. రెస్క్యూ బోటు లాక్కొచ్చింది. అమ్మినతను మళ్లీ ఫోనెత్తలేదు. బాగు చేయించడానికి కొన్న ధరలో సగం పైనే అయింది. అంతకంటే బాధ, ఆ ఏడాది గాలంతా గట్టున కూర్చునే చూశాను. ఒక్క మగ్గు నీళ్లతో అంతా ముందే తెలిసిపోయేది.

ఆ మగ్గు నీళ్ల పరీక్ష ఇదీ. మాస్ట్ తీసేసి, అది దిగే గొయ్యిలో అంచుల దాకా నీళ్లు పోయండి. పక్కన కూర్చుని అరగంట కబుర్లు చెప్పుకోండి. నీటి మట్టం కాస్తయినా దిగితే ఆ నీళ్లు పడవ ఒంట్లోకి పోతున్నట్టే. లేజర్‌కు ప్రాణం అక్కడే ఉంటుంది. తర్వాత బొటనవేలితో డెక్ అంతా నొక్కుకుంటూ రండి, ముఖ్యంగా మాస్ట్ చుట్టూ, కూర్చునే అంచుల మీద. డెక్ ఒకే పలక కాదు, రెండు ఫైబర్ పొరల మధ్య ఫోమ్. గట్టిగా ఉన్న చోట వేలికి నేల తగిలినట్టుంటుంది. పాడైన చోట పరుపులా లోపలికి దిగి మళ్లీ లేస్తుంది. రూపాయి బిళ్లతో తడుతూ వెళ్తే చెవికి కూడా తెలుస్తుంది, టక్ టక్ అంటున్నది ఒక్కసారిగా డబ్ అని మొద్దుబారుతుంది. కొబ్బరికాయ చెవి దగ్గర పెట్టి పలికించి ఎంచుకున్న ఇంటి పిల్ల మీరు, ఆ తేడా మీకు నేర్పక్కర్లేదు. ఆపైన బరువు. లేజర్ హల్ 59 కిలోలు ఉండాలి. రెండు బరువు మిషన్లు పెట్టి తూయండి. డెబ్భై దాటిందంటే ఎక్కువైనదాంట్లో చాలావరకు లోపల తాగిన నీరే. అలాంటి పడవ మెల్లగా నడుస్తుంది, తిరగబడితే లేపడం నరకం.

తెరచాపను చేత్తో నలిపి చూడండి. మంచిది కొత్త నోటులా పలుకుతుంది. అయిపోయినది ఉతికి ఉతికి మెత్తబడ్డ చీరలా చేతిలో ఒదిగిపోతుంది. మెత్తని తెరచాపతో నేర్చుకోవచ్చు, తిరగొచ్చు. కానీ బేరంలో దాని విలువ సున్నా అని గుర్తుంచుకుని ధర మాట్లాడండి.

టార్పాలిన్ కింద పడి ఉన్న ఎంటర్‌ప్రైజ్ మీదే నా మనసు కూడా కాస్త ఊగింది. తల్లీ కూతుళ్లు నీలం తెరచాప కింద వెళ్తుంటే చూడాలని ఎవరికుండదు! కానీ నాలుగు వానాకాలాలు గాలాడకుండా మూసి ఉన్న చెక్కను నమ్మలేం. టార్పాలిన్ వానను ఆపుతుంది, అడుగున చేరిన ఉక్కను ఆపదు. సన్నటి స్క్రూడ్రైవర్ తీసుకెళ్లి, అమ్మేవాళ్ల అనుమతి అడిగి, మూడు చోట్ల గుచ్చి చూడండి. వెనక చెక్క కింది మూలలు, సెంటర్‌బోర్డ్ (పడవ మధ్యలోంచి నీళ్లలోకి దించే పలక) పెట్టె అడుగు, మాస్ట్ నిలబడే దిమ్మ. ములుకు చెక్కకు తగిలి ఆగితే సరే. వెన్నలోకి దిగినట్టు దిగితే చివికిపోయినట్టే. ఒకచోట దిగితే బాగు చేయొచ్చు. మూడు చోట్లా దిగితే ఆ పడవను ఉచితంగా ఇచ్చినా తీసుకోకండి.

ఇక్కడే మీరు చూడని సంగతొకటి నాకు కనపడుతోంది. మీవారు బస్సు బాడీల మెకానిక్ అని ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు. చెల్లెమ్మా, అల్యూమినియం రేకు, రివెట్టు, ఫైబర్ అతుకు రోజూ చేతుల్లో ఆడే మనిషి ఇంట్లో ఉండగా మీరు ముంబై ఫొటోలు నాకు పంపి సలహా అడుగుతున్నారు. మాస్ట్ రివెట్టు దగ్గర తెల్లపొడి ఏమిటో ఆయనకు నాకంటే బాగా తెలుసు. తట్టి చప్పుడు వినడం ఆయనకు వృత్తి. ఈ పడవల రిపేర్లో ఖర్చు ఎక్కువగా కూలిదే, సామాను కాదు. ఆయన చెయ్యి వేస్తే 35,000 చెక్క పడవ మీ గీత లోపలే నీళ్లెక్కొచ్చు. చెయ్యి వేయకపోతే అదే పడవ మూడింటిలోనూ ఖరీదైనది. ఒక్క జాగ్రత్త మాత్రం ఆయనకు చెప్పండి. బస్సులకు వాడే పుట్టీ నీటి కింద పనికిరాదు, తడి పీల్చి ఊడిపోతుంది. చెక్కకు ఎపాక్సీ, అతుకుకు మెరైన్ ప్లైవుడ్ వాడాలి. ఆయన ఆదివారాలు కూడా ఈ పనికే పోతాయి కాబట్టి ఇది ఆయన ఇష్టపడి చేయాల్సిన పని. మీ కోసం ఓర్చుకుని చేస్తే రెండో నెలకే ఇంట్లో మాటలు మొదలవుతాయి.

వాటా సంగతి. మూడింటిలో ఇదే మీ డబ్బుకు దగ్గరగా ఉంది. పడవ ఇప్పటికే షెడ్డులో ఉంది, మంచినీటిలోనే తిరిగింది, నీళ్లలో దాని నడక మీరు కళ్లారా చూశారు. అద్దె సగం, కొత్త తాళ్ల ఖర్చు సగం. మీ ఇద్దరిదీ ఇంచుమించు ఒకే బరువైతే ఒకే తెరచాప సరిపోతుంది. ఇబ్బందల్లా మనుషుల మధ్యే వస్తుంది. గాలి బాగున్న ఆదివారం ఇద్దరికీ కావాలి. ఒకరి చేతిలో డాగర్‌బోర్డ్, అంటే లేజర్ మధ్యలోంచి నీళ్లలోకి దించే పలక, విరిగితే ఎవరు పెట్టుకోవాలి? రేపు ఆవిడకు బెంగళూరు బదిలీ అయితే మీ సగాన్ని ఎవరు కొంటారు, ఎంతకు? స్నేహం ఉంది కదా అని ఇవి వదిలేసి తర్వాత పలకరింపులు కూడా మానేసినవాళ్లను నేను చూశాను. ఒక్క పేజీ రాసుకోండి. ఒకరికి శనివారం, ఒకరికి ఆదివారం, నెల మారగానే తారుమారు. ఎవరి చేతిలో విరిగితే వాళ్లది, అరిగిపోయినవి చెరిసగం. విడిపోతే ధర ఎలా కట్టాలో ముందే రాసుకోండి. ఇలా రాసుకుందామని మీరు అడిగినప్పుడు ఆవిడ ముఖం ముడుచుకుంటే, 55,000 మిగిలిందనుకోండి. పాపతో కలిసి వెళ్లే కల మాత్రం ఇందులో తీరదు, అది మరిచిపోవద్దు.

ఏమీ కొనకుండా ఈ ఒక్క సీజన్ ఆగడం కూడా ఒక దారి. ఇది వినడానికి మీకు ఇష్టం ఉండదని తెలుసు. కానీ హైదరాబాద్ సెయిలింగ్ వీక్ సాధారణంగా జూలైలో ఉంటుంది, దాని ముందు వెనక మాన్సూన్ రెగట్టా, రెండూ పడవ పోటీలే. దేశం నలుమూలల నుంచి సెయిలర్లు, వాళ్ల పడవలు లారీల మీద మన సాగర్‌కే వస్తాయి. గట్టున టీ కప్పు పట్టుకుని నాలుగు రోజులు తిరిగితే, ఎవరు పెద్ద తెరచాపకు మారుతున్నారో, ఎవరి పిల్లలు చదువుకు వెళ్లిపోతున్నారో, ఏ క్లబ్బు పాత హల్స్ తీసేస్తోందో అన్నీ తెలుస్తాయి. అక్కడ పడవను నొక్కి చూడొచ్చు, నీళ్లు పోసి చూడొచ్చు. చెన్నై పడవ నచ్చినా రవాణా ఖర్చు ఉండదు, అది అప్పటికే ఇక్కడ ఉంది కదా. పైగా తిరుగు ప్రయాణంలో లారీలో ఒకటి తగ్గితే అమ్మేవాళ్లకూ మేలే. నష్టం ఏమిటంటే, ఏడాదిలో మంచి గాలి ఉన్న ఆ రెండు మూడు నెలలు మీరు మళ్లీ క్లబ్బు పడవ కోసం వరసలో నిలబడాలి. ఆ వెలితి చిన్నదని నేననను. పొద్దున ఆరు గంటలకు గాలి లేస్తుంటే, అందరూ తెరచాపలు ఎత్తుకుని వెళ్తుంటే ఒడ్డున నిలబడటం ఎలా ఉంటుందో నాకు తెలుసు.

ఉత్తరం మధ్యలో “ఈత సరిగ్గా రాదు” అని చిన్న అక్షరాలతో రాశారు. పెద్ద అక్షరాలతో రాయాల్సింది. ఏ పడవ కొన్నా, కొనకపోయినా, సరైన సైజు లైఫ్ జాకెట్ మీకొకటి, పాపకొకటి ముందు కొనండి. క్లబ్బులో దొరికే పెద్ద సైజుది తలకిందులైనప్పుడు భుజాల మీంచి పైకి జారుతుంది. గుర్రపు డెక్క పేరుకున్న చోట డాగర్‌బోర్డ్, చుక్కాని రెండూ చిక్కుకుని పడవ అక్కడే ఆగిపోతుంది. అలాంటప్పుడు దిగి తీయాలని చూడకండి, చేయెత్తి రెస్క్యూ బోటును పిలవండి. సాగర్ నీరు ఎలాంటిదో మీకు చెప్పక్కర్లేదు. కాలికి చిన్న గీత ఉన్నా ప్లాస్టర్ వేసుకుని దిగండి, రాగానే సబ్బుతో కడుక్కోండి. తార్నాక చుట్టుపక్కల పెద్దవాళ్లకు పొద్దున పూట ఈత నేర్పే చోటు చూసుకుంటే, పడవ మీద పెట్టే ఏ ఖర్చు కంటే అది ముందు ఫలితం ఇస్తుంది.

వచ్చే ఆదివారం గడువు ముంబై ఆయనది, మీది కాదు. శనివారం ఆయనకు ఫోన్ చేసి “మా మనిషి వచ్చి చూసిన రోజునే డబ్బు ఇస్తాను, రేడియల్ తెరచాప, కింది మాస్ట్ ఉంటే ధర చెప్పండి, లేకపోతే హల్ ఒక్కదానికి ఎంతో చెప్పండి” అనండి. ఒప్పుకుంటే బేరం బతికే ఉంటుంది. ఒప్పుకోకపోతే ఆయన వేరేవాళ్లకు అమ్ముకుంటాడు. ఆదివారం పొద్దున మీవారిని షెడ్డు దాకా తీసుకెళ్లండి. పడవ కొంటానని చెప్పి కాదు, “ఈ చెక్క పడవను ఒకసారి తట్టి చూసి చెప్పండి” అని అడిగి. స్క్రూడ్రైవర్ ఆయన చేతికివ్వండి. సెక్రటరీ రాసిచ్చిన షెడ్డు అద్దె కాగితం మీ బ్యాగులో ఉంచుకోండి. ఎక్కడ పెడతావ్ అని ఈసారి అడిగితే తీసి చూపించవచ్చు.